యల్లాప్రగడ సుబ్బారావు: ఫోలిక్ ఆమ్లాన్ని అందించిన జీవితం, బి12 నేర్పిన జాగ్రత్త

జంషెడ్‌పూర్ ఇనుము కరిగే ఊరు. 1912లో అక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైనప్పటి నుంచి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి బతుకుతెరువు కోసం రైలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాలు కద్మా, సోనారీ వంటి పేటలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. చుట్టుపక్కల కొండలన్నీ ముడి ఇనుమే. అయినా ఆ రాష్ట్రంలో మనుషుల నెత్తురుకు మాత్రం ఇనుము కరువు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం జార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో నూటికి 65 మంది రక్తహీనులు. వారిలో గర్భిణులకు ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇనుము సంగతి జంషెడ్‌పూర్ వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మాత్రలోని రెండవ పదార్థాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడన్న సంగతి మాత్రం ఆ మాత్ర పంచేవారిలోనూ, మింగేవారిలోనూ చాలామందికి తెలియదు.

జార్ఖండ్‌లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన పరిశోధనాలయం నుంచి వచ్చినదే. ఆదివాసీ ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులు రోజూ వేసుకునే ఫోలిక్ ఆమ్లం మాత్ర సంగతీ అంతే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితాన్ని విజయగాథగా చెప్పుకోవడం తెలుగునాట అలవాటు. అందులో తప్పు లేదు. అయితే ఆ జీవితంలో, ముఖ్యంగా చివరి మూడేళ్లలో, నేడు మందుల దుకాణానికి వెళ్లి బలం మాత్రలు కొనుక్కునే ప్రతి ఇంటికీ పనికివచ్చే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ భాగాన్ని చెప్పేవారు తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానం, చాలీచాలని రాబడి. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట చెప్పకుండా కాశీ బయలుదేరారు. భక్తితో కాదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలన్నది ఆ బాలుని పథకం. మధ్యదారిలోనే పట్టుకుని వెనక్కు తెచ్చి, తల్లి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో రామకృష్ణ మఠం ఆయనను ఆకర్షించింది. సన్యసిస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ కూడా చేయవచ్చునన్న రాజీతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ చదువుకు సాయపడినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తి ముఖ్యులు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది.

వైద్య కళాశాలలో ఒక చిన్న సంఘటన ఆయన దారిని మార్చింది. గాంధీజీ పిలుపు విని విదేశీ వస్త్రాన్ని వదిలిన ఆ విద్యార్థి శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు కోటుతో వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, చివరకు చేతికి వచ్చింది పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ప్రభుత్వ వైద్య సేవలో ప్రవేశం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో ఆయన కుదురుకున్నారు.

ఈ లక్ష్మీపతి గారితో ఆయనకు అంతకంటె గాఢమైన అనుబంధం ఉంది. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో మరణించారు. మన పాతకాలపు వైద్యులు గ్రహణి అని పిలిచే జబ్బుకు ఇది దగ్గరిది. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటపట్టదు, నాలుక పుండ్లుపడి, మనిషి పాలిపోయి, శల్యమైపోతాడు. అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. అల్లోపతీలో నాడు దానికి మందు లేదు. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. స్ప్రూలో దెబ్బతిన్న పేగు పీల్చుకోలేని పోషకాలలో ప్రధానమైనది ఫోలిక్ ఆమ్లమని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. ఆ పేరే ఇంకా పుట్టలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు సమకూర్చిన డబ్బు పట్టుకుని సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ నగరంలో దిగారు. భార్య ఇక్కడే ఉండిపోయింది. మూడేళ్లలో తిరిగివస్తానన్నది ఒప్పందం. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యను కూడా మళ్లీ చూడలేదు. పరిశోధన పూర్తికాలేదని ఒకసారి, యుద్ధం వచ్చిందని ఇంకొకసారి ప్రయాణం వాయిదా పడుతూ పాతికేళ్లు గడిచాయి. ఆయన కీర్తిని లెక్కించేటప్పుడు శేషగిరమ్మ గారి పాతికేళ్లను కూడా పక్కన పెట్టి చూడడం న్యాయం.

హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. ఆ కొలబద్ద చేతిలో ఉండబట్టే కండరంలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో జీవకణానికి ఇంధనమైన ఎ.టి.పి.ని వారు వేరుచేశారు. సరిగ్గా అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు కనుక ఆ ఘనతను పంచుకోవలసిందే. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది గాని, హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అప్పుడు అదే ప్రయోగశాలలో పనిచేసేవాడు. సుబ్బారావు చేసిన కొన్ని పనులు ఫిస్క్ వల్ల వెలుగు చూడలేదనీ, అవే విషయాలను ఇతరులు ఏళ్ల తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ హిచింగ్స్ అనంతరకాలంలో చెప్పాడు.

బోస్టన్‌లో ఆయన ఉన్న కాలంలోనే ఆ నగరం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచిన మరొక వార్తను వినిపించింది. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతతో ఉన్న రోగులకు రోజూ పెద్ద మోతాదులో జంతువుల కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని 1926లో జార్జి మైనట్, విలియం మర్ఫీ ప్రకటించారు. 1934లో వారికి నోబెల్ బహుమతి కూడా లభించింది. కాలేయంలో ఆ రోగాన్ని నయంచేసే పదార్థం ఏమిటన్నది మాత్రం ఎవరికీ అంతుచిక్కలేదు. ఇక్కడ మన దేశంలోనూ అటువంటి చిక్కుముడి ఒకటి ఉంది. 1928 తరువాత బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు నూలుమిల్లు కార్మిక స్త్రీలలో గర్భకాలంలో వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశీలించింది. శుద్ధిచేసిన కాలేయసారానికి తగ్గని ఆ జబ్బు ఈస్టు నుంచి తీసిన చౌక పదార్థమైన మార్మైట్‌తో తగ్గింది. రెండూ రక్తహీనతలే, సూక్ష్మదర్శినిలో రెండింటి రక్తకణాలూ ఒకే తీరులో ఉబ్బి కనిపిస్తాయి, మందులు మాత్రం వేరువేరు. తరువాత ఇరవై ఏళ్లపాటు శాస్త్రవేత్తలను తికమకపెట్టిన విషయం ఇదే. నేటికీ సామాన్యులను తికమకపెడుతున్నదీ ఇదే.

కాలేయంలో ఏముందో తేల్చే పనికి సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే పూనుకున్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో లెడర్లే పరిశోధనాలయంలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. హార్వర్డ్ ఇవ్వని మనుషులు, పరికరాలు, డబ్బు ఆయనకు అక్కడ దొరికాయి. ఈలోగా 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, సూక్ష్మజీవుల పెరుగుదలకు అవసరమైన ఒక ఆమ్లాన్ని చిటికెడంత తీశారు. ఆకు నుంచి వచ్చింది కనుక లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లెడర్లేలో సుబ్బారావు బృందం కాలేయం నుంచీ, కిణ్వనం చేసిన ద్రవాల నుంచీ అదే కుటుంబపు పదార్థాలను స్ఫటికాలుగా రాబట్టి, ముక్కలుగా విడగొట్టి, దాని అల్లికను కనిపెట్టింది. టెరిడిన్ అనే పసుపుపచ్చని ఉంగరం, పారా అమినో బెంజాయిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ఈ మూడింటి కూర్పు అది. రాబర్ట్ ఏంజియర్, స్టోక్‌స్టాడ్, హచింగ్స్ మొదలైన పదహారుమంది పేర్లతో 1945 ఆగస్టులో కృత్రిమ ఫోలిక్ ఆమ్లం వార్త వెలువడింది. టన్నులకొద్దీ ఆకుకూర నుంచి చిటికెడు వచ్చే పదార్థాన్ని ఇక కిలోల లెక్కన చేయవచ్చు.

లెడర్లే పంపిన ఆ పొడిని అలబామాలో టామ్ స్పైస్ అనే వైద్యుడు రక్తహీనులకు ఇచ్చి చూశాడు. తరువాత క్యూబా, ప్యూర్టోరికో దీవులకు తీసుకువెళ్లి స్ప్రూ రోగులకు ఇచ్చాడు. పుండ్లుపడిన నాలుకలు మానాయి. ఆకలి పుట్టింది. విరేచనాలు కట్టాయి. రక్తం పెరిగింది. భీమవరం ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది.

అక్కడితో కథ ముగిసి ఉంటే బాగుండేది. పెర్నీషియస్ అనీమియా రోగులకు కూడా ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు. వారి రక్తం కూడా వేగంగా కోలుకుంది. కాలేయంలోని రహస్యం చిక్కినట్లేనని చాలామంది భావించారు. కాని నెలలు గడిచేకొద్దీ వింత వార్తలు రాసాగాయి. రక్తపరీక్ష బాగున్న రోగులకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నేలమీద పాదం పడిందో లేదో తెలియడం లేదు. చీకట్లో నడిస్తే తూలుతున్నారు. కొందరిలో వెన్నుపాము దెబ్బతిని నడకే పోయింది. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసింది గాని నాడులను కాపాడలేదు. పైగా రక్తం బాగుపడటం వల్లనే లోపల మరొక నష్టం సాగిపోతున్నదన్న సంకేతం వైద్యుని కంటికి అందకుండా పోయింది. 1946 నుంచి 1948 వరకు ఈ నివేదికలు పోగయ్యాయి.

జవాబు 1948 ఏప్రిల్‌లో వచ్చింది, లెడర్లే నుంచి కాదు. పోటీ సంస్థ మెర్క్‌లో కార్ల్ ఫోకర్స్ బృందం కాలేయం నుంచి ఎర్రని స్ఫటికాలను వేరుచేసింది. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్ కూడా ఆ ఎర్ర పదార్థాన్ని పట్టుకున్నాడు. దానికి విటమిన్ బి12 అని పేరు. పెర్నీషియస్ అనీమియాలో అసలు కొరత దీనిదే. బొంబాయి మిల్లు స్త్రీలలో కొరవడింది మాత్రం ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు వెతుకుతూ బయలుదేరింది మొదటిదాని కోసం, ఆయన చేతికి చిక్కింది రెండవది. తెలుగు పత్రికలలో కొన్నిచోట్ల బి12ను కూడా ఆయన ఖాతాలో వేసే అలవాటు ఉంది. ఆయన గొప్పతనానికి ఆ అరువు సొమ్ము అవసరం లేదు.

ఈ రెండు విటమిన్ల సంబంధం ఏమిటో తరువాతి దశాబ్దాలలో తేటపడింది. ఎముక మజ్జలో రక్తకణాలు పుట్టాలంటే కణం తన జన్యుపదార్థానికి నకలు తీసుకోవాలి. అందుకు ఫోలేటు కావాలి. అయితే శరీరంలో ఫోలేటులో పెద్దభాగం ఒకానొక రూపంలో చిక్కుపడి ఉంటుంది. ఆ ముడి విప్పే పని బి12ది. బి12 లేకపోతే ఫోలేటు ఒంట్లో ఉండి కూడా అక్కరకు రాదు, గాదెలో ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్లు. అప్పుడు పెద్ద మోతాదులో ఫోలిక్ ఆమ్లం మింగితే, అది ఆ తాళంతో పనిలేని వేరొక దారిలో మజ్జకు చేరుతుంది. రక్తకణాలు మళ్లీ చక్కగా పుడతాయి. కాని నాడుల చుట్టూ ఉండే మైలిన్ పొరను నిలబెట్టడంలో బి12 చేసే పనులు వేరే ఉన్నాయి, వాటిని ఫోలిక్ ఆమ్లం చేయలేదు. పొర కరుగుతూ పోతుంది. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగిరాదు.

బి12 మనిషికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కొంచెం ఎక్కువ, అంతే. అది మొక్కలలో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం వల్లనే రావాలి. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక కొరత మెల్లగా, చడీచప్పుడు లేకుండా వస్తుంది. పాలు కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులు, జీర్ణశక్తి తగ్గిన వృద్ధులు, మధుమేహానికి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు, కడుపులో మంటకు ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు దీర్ఘకాలం మింగేవారు ఈ కొరతకు లోనయ్యే అవకాశం ఎక్కువ. మన ఇళ్లలో అరవై దాటిన పెద్దలను చూస్తే ఈ నాలుగు లక్షణాలలో రెండో మూడో ఒకే మనిషిలో కలిసి ఉండడం అరుదు కాదు. మందుల దుకాణంలో దొరికే ఫోలిక్ ఆమ్లం మాత్ర సాధారణంగా 5 మిల్లీగ్రాములది. పెద్దలకు రోజుకు చాలినంతగా చెప్పే 400 మైక్రోగ్రాములకు అది పన్నెండున్నర రెట్లు. బి12 లోపాన్ని కప్పిపుచ్చుతుందన్న భయంతోనే అమెరికా శాస్త్రవేత్తలు 1998లో పెద్దలకు మాత్రల ద్వారా, ఫోలిక్ ఆమ్లం కలిపిన ఆహారం ద్వారా వెళ్లే మొత్తం రోజుకు 1 మిల్లీగ్రాము దాటరాదని పరిమితి పెట్టారు. ఆకుకూరలలో, పప్పులలో సహజంగా ఉండే ఫోలేటుకు ఈ పరిమితి వర్తించదు. గోంగూర తిన్నందువల్ల ఎవరికీ హాని రాదు.

దీని అర్థం 5 మిల్లీగ్రాముల మాత్ర చెడ్డదని కాదు. సికిల్ సెల్ రోగిలో రక్తకణాలు త్వరత్వరగా చితికి, కొత్తవి పుడుతూ ఉంటాయి కనుక ఫోలేటు ఖర్చు ఎక్కువ. అతనికి వైద్యులు అది రాస్తారు. నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లికి మరుసటి కాన్పులో అటువంటి ప్రమాదం రాకుండా గర్భానికి ముందు నుంచే 4 మిల్లీగ్రాములు ఇస్తే ముప్పు నూటికి 72 వంతులు తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిర్వహించిన పరీక్ష రుజువుచేసింది. గర్భిణులకు ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే మాత్రను మానవలసిన పని అసలే లేదు. అందులోనిది 500 మైక్రోగ్రాములే. ఇబ్బంది ఎక్కడంటే, నీరసంగా ఉందని సొంతంగా ఒక మాత్ర, తిమ్మిర్లకని ఇంకొకటి, జుట్టు రాలుతోందని మూడవది కొనుక్కుని, మూడింటిలోనూ ఏమేమి ఎంతెంత ఉన్నదో చూడకపోవడంలో. రక్తహీనత ఉండి కణాలు ఉబ్బి కనిపించినప్పుడు వైద్యులు బి12 పరీక్ష కూడా చేయించి, రెండూ తక్కువైతే ముందుగా బి12 మొదలుపెట్టి ఆపై ఫోలిక్ ఆమ్లం ఇవ్వడం 1948 నాటి అనుభవం నేర్పిన వరుస.

బి కుటుంబంలో ఈ జాగ్రత్త ఫోలిక్ ఆమ్లంతోనే తీరదు. బి6 కొరత వస్తే చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే క్షయరోగులకు ఐసోనియజిడ్‌తో పాటు బి6 కూడా ఇస్తారు. అదే బి6ను రోజుకు గ్రాముల లెక్కన నెలలతరబడి మింగినవారిలో కూడా సరిగ్గా అవే తిమ్మిర్లు, అదే తూలుడు కనిపించాయని 1983లో అమెరికా వైద్యులు వెల్లడించారు. తిమ్మిరి తగ్గలేదని మాత్ర పెంచిన మనిషికి ఆ మాత్రే తిమ్మిరి తెస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో చేసిన పని కూడా ఈ కోవలోనిదే. జొన్న ప్రధానాహారమైన దక్కను పల్లెలలో పెలాగ్రా ఎందుకు వస్తోందో వెతుకుతూ, జొన్నలో ఒక అమైనో ఆమ్లం, లూసిన్, ఎక్కువగా ఉండి నియాసిన్ వినియోగాన్ని చెడగొడుతున్నదేమోనని వారు ప్రతిపాదించారు. ఒకటి పెరిగితే వేరొకటి తరిగినట్లవుతుందన్న ఆలోచన మన దగ్గర అలా మొలకెత్తింది.

మళ్లీ పెర్ల్ రివర్‌కు వస్తే, ఫోలిక్ ఆమ్లం ఇంకొక రూపంలో కూడా ఎదురుతిరిగింది. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో ఉన్న పిల్లలకు లెడర్లే తయారుచేసిన ఫోలిక్ సంబంధ పదార్థాలను ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు తోచింది. పోషకం మంచి కణానికీ చెడ్డ కణానికీ ఒకటే. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు రసాయనశాల అప్పటికే ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని నిరోధించే అణువులను తయారుచేస్తోంది. వాటిలో అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివర నుంచి పిల్లలకు ఇచ్చాడు. పదహారుమందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. మందుతో రక్తకాన్సరును వెనక్కు నెట్టడం అంతవరకు ఊహకందని విషయం. ఆ వరుసలో పుట్టినదే మెథోట్రెక్సేట్. నేడు కీళ్లవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకునే రోగి, దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం మింగుతాడు. ఒక మాత్ర మూసిన దారిని మరొకటి కొంత తెరుస్తుంది. రెండింటి మూలాలూ ఒకే ప్రయోగశాలలో ఉన్నాయి. వారానికి ఒకటి వేసుకోవలసిన మొదటి మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఆ రెండు పట్టీలను వేరువేరుగా ఉంచుకోవడం అందుకే అవసరం.

1947లో బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ వచ్చింది; డి.ఇ.సి. అన్నది దాని నేటి పేరు. 1948 జూలైలో ఆరియోమైసిన్ వెలువడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దానిని పట్టుకున్నవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త. ఆ వేటకు వనరులు సమకూర్చి ముందుకు నడిపినవారు సుబ్బారావు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది తొలి బిడ్డ. ఫలితం ప్రకటించే సభలలో ముందుకు వచ్చి నిలబడే అలవాటు ఆయనకు లేదు. సహచరుల పేర్లు ముందుండేవి. హార్వర్డ్‌లో తనకు జరిగిన దానిని తన కింద పనిచేసేవారికి జరగనివ్వరాదన్న పట్టుదల దీని వెనుక ఉందేమోననిపిస్తుంది.

ఆయన అమెరికాలో అడుగుపెట్టిన 1923లోనే భారతీయులకు అక్కడి పౌరసత్వం తగదని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో తెరుచుకుంది. అయినా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతదేశాన్ని చూడనూ లేదు. 1948 ఆగస్టు రెండవ వారం మొదట్లో, బి12 స్ఫటికాల వార్త వచ్చిన నాలుగు నెలలకు, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు యాభై మూడేళ్లు.

1953లో ఒక శిలీంధ్రపు ప్రజాతికి ఆయన పేరుమీద సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఫోలిక్ ఆమ్లానికి లెడర్లే పెట్టిన ఫోల్వైట్ అన్న పేరు, 5 మిల్లీగ్రాముల పట్టీమీద, ఇప్పటికీ మన మందుల దుకాణాలలో కనిపిస్తుంది.